ధ్రువం దగ్గర బతుకు, ప్రయాణాలు: నవ్వొచ్చే హైకూలు (చూసిందే రాయండి)

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | నవంబర్ 23

అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ వచ్చి ఇది మూడో చలికాలం. ఇక్కడి చలి గురించి ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మకి బెంగ, ఫ్రెండ్స్‌కి చెప్తే అబ్బో అంటారు అంతే, అందుకని పోయినేడాది నుంచి ఒక చిన్న నోట్‌బుక్‌లో మూడేసి లైన్లు రాసుకోవడం మొదలెట్టా, ఆ రోజు చూసిన వాటిల్లో నవ్వొచ్చిందేదో ఒకటి. రాసిన రోజు చలి కాస్త తగ్గినట్టే ఉంటుంది, నిజంగా చెప్తున్నా. ఇలా బాగా ఉత్తరాన ఉన్న తెలుగువాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీవి కూడా పెట్టండి.

హైకూ అంటే జపాన్‌వాళ్ళ మూడు లైన్ల చిన్న పద్యం, నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మూడు లైన్లు, 5-7-5 అక్షరాలు, పొల్లు హల్లు లెక్కలోకి రాదు. కంటితో చూసిందే రాయాలి. కింద ఆ కథ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి సంగతులు చాలామందికి తెలీవు.

మొదటిది నాదే:

పార్కింగులోన
కారుకేమో కరెంటు
ఫోను చచ్చింది

ఇక్కడ ఆఫీసు పార్కింగ్‌లో కార్ల ముందు స్తంభాలు, వాటికి ప్లగ్గులు ఉంటాయి. ఎలక్ట్రిక్ కార్లకి కాదు, మామూలు పెట్రోల్ కార్లకే. ఇంజిన్‌కి బ్లాక్ హీటర్ అని ఒకటి బిగిస్తారు, దాని వైరు ముందు గ్రిల్లులోంచి నాలుకలాగా వేలాడుతూ ఉంటుంది, దాన్ని ప్లగ్గులో పెట్టి ఉంచితేనే ఆయిలు కదుల్తుంది, లేకపోతే జిగురులా అయిపోయి ఇంజిన్ తిరగనే తిరగదు. కారుకి అలా కరెంటు తాగిస్తూ నుంచుంటే జేబులో ఫోను సగం పైనే చార్జింగ్ ఉండి కూడా చలికి టప్పున ఆరిపోయింది.

పద్మ_ట్రామ్సో | నవంబర్ 24

అయ్యో బాబ్జీ తమ్మీ ఎంత మంచి పని చేసినవ్! నేను కరీంనగర్ పిల్లని, నార్వేల ట్రామ్సోల ఏడేండ్ల సంది ఉంటున్న. మాకు సరిగ్గ మూడు రోజులైతే సూర్యుడు బంద్. 27 నవంబర్ సంది 15 జనవరి దాక పొద్దు పొడవదు, ఆ తర్వాత గుట్టలు అడ్డం ఉంటయి కాబట్టి టౌన్ల మనకు కనిపించేది 21 జనవరికి. అప్పటిదాక ఇక్కడ కూసొని నీ దారం (థ్రెడ్) చదువుకుంట ఉంటా. ఒకటి నాది:

తలుపు తీశా
కళ్ళజోడుకి పొగ
ఎవరి ఇల్లో

బయట చలి, లోపట ఉక్కపోత, తలుపు తీసి అడుగు పెట్టంగనే అద్దాలు తెల్లగ మసకబారుతయి, రెండు నిమిషాలు ఏం కనబడదు. అపార్ట్‌మెంట్ల తలుపులు గూడ అన్ని ఒక్క తీరే ఉంటయి, ఒకపారి పక్కింటి ముసలామె సోఫా మీదనే కూసున్న, ఆమెనే కాఫీ ఇచ్చింది, ఇప్పుడు ఇద్దరం దోస్తులం.

ఎల్లోనైఫ్_వాసు | నవంబర్ 24

కెనడా ఎల్లోనైఫ్ నుంచి హాజరు. మాది నంద్యాల. టైర్ల గురించి ఎవురూ రాయకముందే నేను రాసేస్తా:

రాత్రి చలికి
టైరు చదరమైంది
గుర్రపు స్వారీ

అతిశయోక్తి కాదన్నా ఇది. రాత్రంతా మైనస్ 35లో నిలబెట్టిన కారు టైరు కింద భూమికి ఆనిన చోట బల్లపరుపుగా గడ్డకడతాది, పొద్దున కారు కదిలిస్తే దబ్ దబ్ దబ్ అని ఎగరేస్తా పోతాది, రెండు మూడు మైళ్ళు పోయి రబ్బరు వేడెక్కితే గానీ మళ్ళీ గుండ్రంగా కాదు. ఇక్కడ ఇంగ్లీషులో చదరపు టైర్లనే అంటారు. మొదటిసారి నాకు జరిగినప్పుడు నాలుగు టైర్లూ పంక్చరేమో అని దిగి చూసినా.

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | నవంబర్ 24

వాసన్నా గుర్రపు స్వారీ అదిరింది. పద్మక్కా మీ పక్కింటావిడ కాఫీ ఇవ్వడం ఇంకా బాగుంది.

కవిత్వం_కావాలి | నవంబర్ 26

చదివాను. బాగానే నవ్వొచ్చింది కానీ నాకొక సందేహం, గట్టిగానే అడుగుతున్నా ఏమీ అనుకోవద్దు. జోకుని మూడు ముక్కలుగా విరగ్గొడితే హైకూ అవుతుందా? హైకూ అంటే నిశ్శబ్దం, ప్రకృతి, ఒక క్షణం. టైరు, ఫోను, కళ్ళజోడు, వీటిల్లో ప్రకృతి ఎక్కడుంది? జపాన్‌లో ఇలాంటి వేళాకోళం పద్యాలకి వేరే పేరే ఉంది, సెన్ర్యూ అంటారు. దారం పేరు మార్చుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

తెనాలి_మాస్టారు | నవంబర్ 27

నేను 31 ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి, మంచు చూడ్డం టీవీలోనే. అయినా ఈ దారం రోజూ చదువుతున్నాను, మా ఆవిడకి కూడా చదివి వినిపిస్తున్నాను.

కవిత్వం గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే, సెన్ర్యూ సంగతీ నిజమే. 18వ శతాబ్దంలో ఎడోలో (ఇప్పటి టోక్యో) కరాయ్ సెన్ర్యూ అనే ఆయన ఉండేవాడు, మనుషుల తంతు మీద వచ్చే చిన్న పద్యాలని ఎంచి పెట్టేవాడు, చివరికి ఆయన పేరే ఆ రకానికి పేరయిపోయింది. వాటికి రుతువుని సూచించే మాట అక్కర్లేదు, హైకూకి సంప్రదాయంలో అది ఉండాలి.

కానీ హైకూలో నవ్వు ఉండకూడదంటే మాత్రం నేను ఒప్పుకోను. హైకూకి పెద్ద పేరైన జపాన్ కవి బషో 1689లో శిష్యుడు సోరాని వెంటబెట్టుకుని ఎడో నుంచి ఉత్తరానికి బయల్దేరాడు, ఐదు నెలల పైచిలుకు ప్రయాణం, చాలామటుకు కాలినడక. దారిలో కొండల మధ్య సరిహద్దు కావలివాడి ఇంట్లో తుఫానుకి చిక్కుకుని మూడు రోజులు ఉండిపోయాడు. అక్కడ రాసిన పద్యంలో ఏముందనుకున్నారు? చంద్రుడు కాదు, పూలు కాదు. గోమార్లు, పేలు, తలగడ పక్కన ఒంటేలు పోస్తున్న గుర్రం. అంత గొప్ప కవి, అంత దూరం నడిచి వెళ్ళి, ఆ రాత్రి చెవి దగ్గర విన్నది అదీ, రాసింది కూడా అదే. నవ్వొస్తుంది, ఆయన మీద జాలీ వేస్తుంది, ఆ గుర్రం మీద కోపం మాత్రం రాదు. నవ్వు వస్తువులోంచి వస్తే అది హైకూ, మాటల గారడీలోంచి వస్తే జోకు. వాసు గారి టైరు నిజంగానే చదరమైంది కదా, ఆయనేమీ కల్పించలేదు.

రాధ_రొవానియెమి | నవంబర్ 27

మాస్టారూ మీ గుర్రం కథ చదివి నేను కుర్చీలోంచి లేచి నుంచున్నానండీ, ఎందుకంటే మా ఫిన్లాండ్‌లో దీనికి అన్నదమ్ముడు ఉన్నాడు. ఇక్కడ లాప్‌లాండ్‌లో పాతకాలం దూరానికి ఒక కొలత ఉండేది, పొరొన్‌కుసెమా అని. రెయిన్‌డీర్ పరిగెడుతూ ఒంటేలు పోయలేదట, అలా బిగబట్టి పరిగెడితే దానికి కష్టం, అందుకని మధ్యలో బండి ఆపాలి. ఒకసారి ఆపిన చోటు నుంచి మళ్ళీ ఆపే దాకా ఎంత దూరమో అదే కొలత, దాదాపు 7.5 కిలోమీటర్లు. మన కోసు, ఆమడ లాగా అన్నమాట. మొన్న పాత రైతు ఒకాయన్ని దారి అడిగితే ఆయన సరదాకి ఆ లెక్కలోనే చెప్పారు:

ఊరెంత దూరం?
రెయిన్‌డీర్ రెండుసార్లు
ఆగేటంతండి

కవిత్వం_కావాలి | నవంబర్ 27

సరే, ఇది హైకూనే. ఒప్పుకున్నాను. మాస్టారు చెప్పిన గుర్రం పద్యం నేను చదవలేదు, ఇవాళే వెతికి చదువుతా.

పద్మ_ట్రామ్సో | నవంబర్ 28

మాస్టారు సార్ ఒక ముచ్చట. బషో పోయిన ఉత్తరం మ్యాప్ల చూసిన, హిరాయిజుమి అంట, 39 డిగ్రీల అక్షాంశం. మేము 69 డిగ్రీలల్ల ఉన్నం! ఇంకో 30 డిగ్రీలు పైకి వస్తే ఆయన ఏం రాసేటోడో.

నిన్నటి సంది సూర్యుడు లేడు. పగటీలి నీలం వెలుతురు మాత్రం రెండు మూడు గంటలు ఉంటది, ఆ నీలం ఎంత అందంగుంటదో చెప్పలేను, దాని మీద మాత్రం నవ్వే హైకూ నాకు రాదు.

ఇనువిక్_నర్సమ్మ | డిసెంబర్ 1

మంచి దారం పెట్టారు బాబు. నేను ఇనువిక్‌లో నర్సుని, ఊరు కెనడాలో ఆర్కిటిక్ సర్కిల్‌కి పైన. మా సొంతూరు నెల్లూరు. డ్యూటీ దిగి రాస్తున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

డాసన్ ఊరి దగ్గర మొదలై మా ఊరికి వచ్చే డెంప్‌స్టర్ హైవే దాదాపు 740 కిలోమీటర్లు, ఇంచుమించు అంతా గులకరాయి రోడ్డు, 1979లో తెరిచారు. మధ్యలో పీల్, మెకంజీ రెండు నదులు దాటాలి, వంతెనలు లేవు. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే లారీలు పోతాయి. చిక్కంతా మధ్య వారాల్లో. ఫెర్రీ ఆపేస్తారు, మంచు ఇంకా లారీ మోసేంత మందం కాదు, అటు వాళ్ళు అటే ఇటు వాళ్ళు ఇటే. అప్పుడు కూరగాయలు విమానంలో రావాల్సిందే. పోయిన నెల షాపులో టమాటా ధర చూసి చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసా.

పడవ లేదు
మంచింకా గట్టిపడ్లే
ఫ్లైట్లో టమాటా

మా అన్న ఇంతవరకు విమానం ఎక్కలేదు, ఆ మాట గుర్తొచ్చింది.

ఇంకోటి కూడా. ఇక్కడ నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, ఇంటి వేడికి అది కరిగితే ఇల్లు కుంగిపోతుంది, అందుకని ఇళ్ళన్నీ గుంజల మీద ఎత్తుగా కడతారు. నీళ్ళ పైపులు, మురుగు పైపులు పాతిపెట్టడానికి లేదు, అవి పెద్ద పెట్టెల్లో చుట్టబెట్టి నేల పైనే ఇంటింటికీ పాకుతూ పోతాయి, యుటిలిడార్ అంటారు.

ఇళ్ళకి కాళ్ళు
పైపుకి దుప్పటుంది
నాకు జలుబు

ఎల్లోనైఫ్_వాసు | డిసెంబర్ 1

నర్సమ్మ గారూ టమాటా మీద ఆ మాట మాకు బాగా తెలుసు. మాకు కూడా 2012 దాకా అదే గతి అంట, మెకంజీ మీద దే చో వంతెన కట్టినాక ఏడాది పొడుగునా లారీలు వస్తాండాయి. పాతోళ్ళు ఆ వారాలని ఇప్పటికీ కథలుగా చెప్తారు.

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | డిసెంబర్ 3

ఇంటి నుంచి పార్సిల్ వచ్చింది! డెలివరీ అబ్బాయి వరండాలో పెట్టి వెళ్ళిపోయాడు, నేను సాయంత్రం దాకా చూసుకోలేదు, మైనస్ 31.

ఆవకాయలో
నూనె గడ్డకట్టింది
చెంచా వంగింది

మూడు గంటలు హీటర్ పక్కన పెట్టాక మామూలయింది, రుచి ఏమీ తేడా రాలేదండి, వేడన్నంలో కలిపితే అదే మా ఇంటి ఆవకాయ.

ఆదిలాబాద్_అరుణ్ | డిసెంబర్ 11

అన్నలు అక్కలు అందరికి నమస్తే. నేను రోజు చదువుతున్న. నాకు గూడ రాయాలనిపించి ఒకటి రాసిన, తెల్లని మంచు మీద చంద్రుడు స్కేటింగ్ చేసినట్టు. కానీ నేను మంచు ఎప్పుడూ చూడలే. పెట్టొచ్చా?

తెనాలి_మాస్టారు | డిసెంబర్ 11

వద్దు నాయనా. నువ్వు ఉన్న చోటు నుంచే రాయి. తెలంగాణాకి ఉత్తరం కొస మీ ఆదిలాబాదే కదా, చలికి పేరు మోసిన ఊరు. రేపు పొద్దున్నే లేచి బయటికి వెళ్ళి నవ్వొచ్చేది ఏదైనా కనిపించేదాకా తిరిగి రా.

ఆదిలాబాద్_అరుణ్ | డిసెంబర్ 12

పోయిన సార్. పొద్దుగాల ఆరింటికి.

ఆదిలాబాదు
ఎనిమిది డిగ్రీలు
మేకకు చొక్కా

మా వాడకట్టుల ఒక తాత తన మేకపిల్లలకు మనవని పాత స్కూల్ చొక్కాలు తొడిగిండు, ముందు కాళ్ళు చేతులల్ల పెట్టి గుండీలు గూడ పెట్టిండు. ఒకదానికి జేబు గూడ ఉంది.

పద్మ_ట్రామ్సో | డిసెంబర్ 12

అరుణ్ తమ్మీ! ఆ జేబు చదివినంక నేను పనిల కూసొని గట్టిగ నవ్విన, అందరు తిరిగి చూసిండ్రు. చీకటి మొదలైన పదిహేను రోజులల్ల ఇదే మొదటి గట్టి నవ్వు.

రాధ_రొవానియెమి | డిసెంబర్ 14

మాస్టారూ రుతువు మాట సంప్రదాయంలో ఉండాలన్నారు కదా, ఇక్కడి ఆదివాసులు సామీ వాళ్ళ లెక్కలో ఏడాదికి ఎనిమిది రుతువులు. శీతాకాలానికీ వసంతానికీ మధ్య ఒకటి, వసంతానికీ వేసవికీ మధ్య ఒకటి, అలా. అన్నీ రెయిన్‌డీర్ బతుకుని బట్టి పెట్టుకున్నవే, ఎప్పుడు ఈనుతాయి, ఎప్పుడు మేతకి ఎక్కడికి పోతాయి అని.

తెనాలి_మాస్టారు | డిసెంబర్ 15

ఎంత చక్కటి విషయం చెప్పావమ్మా. మనకి ఆరు, జపాన్‌వాళ్ళకి నాలుగు, వాళ్ళకి ఎనిమిది. అయితే మీ ఊళ్ళల్లో రుతువు మాటల జాబితా మీరే కొత్తగా రాసుకోవాలి. బ్లాక్ హీటర్ వైరు వేలాడ్డం, నది మీద లారీ నడవడం, ఇవన్నీ మీకు శీతాకాలం మాటలే, మనకి మామిడి పూత ఎలాగో అలాగ. కవిత్వం గారు ప్రకృతి ఎక్కడుందని అడిగారు కదా మొదట్లో, టైరుని చదరంగా చేసింది ప్రకృతే మరి.

అక్షరాల లెక్క మీద కూడా ఒక మాట చెప్పాలి, చాలా రోజుల్నుంచి నోట్లో ఆడుతోంది. జపాన్‌వాళ్ళు లెక్కపెట్టేది మన అక్షరం లాంటిది కాదు, మన మాత్ర లాంటిది. టోక్యో అంటే మనకి రెండక్షరాలు, వాళ్ళకి తొ-ఒ-క్యొ-ఒ నాలుగు. మన ఛందస్సులో చూడండి, రెండు గురువులు, నాలుగు మాత్రలు, సరిగ్గా కుదిరింది. ఆ లెక్కన అసలైన 5-7-5 అంటే 17 మాత్రలు, 17 అక్షరాల కంటే చాలా ఇరుకు. బాబ్జీ గారు మొన్న ఫోటో పెట్టారు చూడండి, రాత్రి కురిసిన మంచుకి పార్కింగ్ అంతా తెల్లటి దిబ్బలైపోయి ఏది ఎవరి కారో తెలీకుండా, ఆ ఫోటో చూసి ఒకటి కట్టాను. చూసిందే రాయాలన్న నియమం తప్పలేదు, ఫోటోలో చూశాను.

మంచులో
కారు ఎక్కడ
పార తే

కవిత్వం_కావాలి | డిసెంబర్ 15

మాత్రలు లెక్కపెట్టాను. ఐదు, ఏడు, ఐదు. మాస్టారూ పాదాభివందనం.

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | డిసెంబర్ 21

ఇవాళ ఏడాదిలో అన్నిటికంటే చిన్న పగలు. సూర్యుడు పదకొండు కావస్తుంటే వచ్చాడు, రెండూ నలభైకి వెళ్ళిపోయాడు, మొత్తం కలిపి దాదాపు 3 గంటల 40 నిమిషాలు. అది కూడా నడినెత్తికి రాడు, దక్షిణం వైపు చెట్ల మీద పాక్కుంటూ పోతాడు అంతే.

సూర్యుడొచ్చాడు
కాఫీ కలిపేలోగా
చెప్పకెళ్ళాడు

రేపట్నుంచి పెరుగుతుంది. మొదట్లో సెకన్ల లెక్కే అయినా ఇక్కడ అందరూ ఆ సెకన్ల గురించి మాట్లాడుకుంటారు.

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | జనవరి 9

ఇవాళ వచ్చింది ఆ నంబరు.

మైనస్ నలభై
సెల్సియసు ఫారన్‌హీట్
రాజీకొచ్చాయి

రెండు కొలతలూ కలిసేది ఈ ఒక్క చోటే కదా. ఇండియా నుంచి వచ్చినవాళ్ళం మేము సెల్సియస్‌లో చెప్పుకుంటాం, ఆఫీసులో వాళ్ళు ఫారన్‌హీట్, రోజూ మనసులో గుణించుకోవాలి, ఇవాళ మాత్రం అందరం ఒకటే మాట. బయట ఐస్ ఫాగ్ కమ్మేసింది, కారు పొగ, ఇంటి పొగగొట్టాల ఆవిరీ పైకి పోలేక ఊరి మీదే చిన్న చిన్న మంచు పలుకులై నిలబడిపోతుంది, పది అడుగుల అవతల సిగ్నల్ లైటు కూడా కనపడదు.

పద్మ_ట్రామ్సో | జనవరి 21

సూర్యుడు రాలే
పండగ బన్ను మాత్రం
అయిపోయింది

ఇయ్యాల సూర్యుని పండుగ. స్కూళ్ళల్ల పిల్లలను బయటికి తోల్కపోతరు, అందరు సోల్‌బొల్లె అని ఒక రకం బన్ను తింటరు. సూర్యుడేమో మబ్బుల ఎనుక ఉండిపోయిండు. నేను పనైనంక బేకరీకి పోయేసరికి పెద్ద లైను, నా వంతు వచ్చేసరికి ట్రే ఖాళీ. అయినా మా పాప స్కూల్ల తినకుండ సగం బన్ను జేబుల పెట్టుకొచ్చింది నాకోసం, కొద్దిగ నలిగింది. ఎల్లుండి మబ్బు తేలింది, గుట్ట మీద నాలుగు నిమిషాలు కనవడ్డడు, నేను ఏడ్చిన. ఇది జనవరి 23ల మళ్ళ వచ్చి కలుపుతున్న.

ఎల్లోనైఫ్_వాసు | ఫిబ్రవరి 3

నియమం తప్పుతున్నా, మన్నించండి. ఇది నేను చూసింది కాదు, కానీ ఈ తారీకున చెప్పకుండా ఉండలేను. 1947 ఫిబ్రవరి 3న కెనడా యూకాన్‌లో స్నాగ్ అనే చోట మైనస్ 63 పడింది, గ్రీన్‌లాండ్ వదిలేస్తే ఉత్తర అమెరికా మొత్తంలో రికార్డు. అక్కడ చిన్న ఎయిర్‌స్ట్రిప్, వాతావరణం చూసే నలుగురైదుగురు మనుషులు. థర్మామీటర్‌లో ఆల్కహాల్ కింది గీత కూడా దాటి దిగిపోయింది, లెక్క చెప్పడానికి అంకె లేదు, అది ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టి తర్వాత పరికరం పంపించి తేల్చుకున్నారు. మైళ్ళ దూరంలో ఊర్లో కుక్కలు మొరిగినా పక్కనే ఉన్నట్టు వినపడిందంట.

థర్మామీటర్లో
అంకెలు అయిపోయె
చలి మిగిలె

ఇంకోటి నేను చూసిందే, పోయిన చలికాలం జాస్పర్ దిక్కు పోయినప్పుడు, మూస్ అంటే ఇక్కడి పెద్ద దుప్పి జాతి జంతువు:

మూస్ దారికడ్డం
హారన్ కొడితే వచ్చి
కారు నాకింది

రోడ్డు మీద మంచుకి చల్లే ఉప్పు కార్లకి అంటుకోనుంటాది, దానికోసం వస్తాయి. ఆ ఊర్లో కారుని మూస్ నాకకుండా చూసుకోండి అని బోర్డులే పెట్టినారు ఒకప్పుడు. దాని ముక్కు మా అద్దం మీద ఆనించింది, మా ఎద్దులకన్నా పెద్ద తలకాయ, ఎంత సాధువుగా చూసిందో. కిందికి మాత్రం దిగకూడదు, పిల్ల మూస్ పక్కన ఉంటే తల్లి తొక్కేస్తాది.

తెనాలి_మాస్టారు | ఫిబ్రవరి 4

అంకెలు అయిపోయె, చలి మిగిలె. వాసు గారూ, దీన్ని నేను పాత విద్యార్థులకి పంపించాను. నియమం తప్పినందుకు ఏమీ అనను.

వైజాగ్_సముద్రం | మార్చి 8

చాలా రోజుల నుంచి చదువుతున్నా, ఇవాళ రాయాలనిపించింది. పోయిన జులైలో నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకి వెళ్ళాను పని మీద. మన దేశానికి అక్కడ న్యూ ఓలెసుండ్‌లో హిమాద్రి అని పరిశోధన కేంద్రం ఉంది, 2008లో మొదలయింది, 79 డిగ్రీల ఉత్తరం. ముందు లాంగ్‌ఇయర్‌బ్యెన్‌లో దిగాలి.

హోటల్లో కూడా
బూట్లు విప్పాలన్నారు
గంట వెతికా

బొగ్గు గనుల కాలం నాటి అలవాటంట, బూట్లకి బొగ్గు మసి అంటుకుని వస్తుందని గుమ్మం దగ్గరే విప్పించేవారు, ఇప్పటికీ చాలా చోట్ల అదే. సాక్సులతో హాల్లోకి నడుస్తుంటే చెయ్యి దానంతటదే పైకి లేచింది, సింహాచలంలో గంట కొట్టడానికి లేచినట్టు.

న్యూ ఓలెసుండ్‌లో అయితే ఫోన్లకి వైఫై, బ్లూటూత్ ఏదీ ఆన్ చెయ్యకూడదు, అక్కడ అంతరిక్షం నుంచి వచ్చే చాలా సన్నటి రేడియో సంకేతాలు వినే యాంటెన్నాలు ఉన్నాయి. ఇళ్ళకి తాళాలు వెయ్యరు, ధ్రువపు ఎలుగుబంటి వస్తే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరిపోవడానికి. ఫోన్లు ఆగిపోయాక భోజనాల దగ్గర జరిగింది ఇది:

ఫోను ఆపితే
మాట్లాడటం మొదలు
భోజనశాల

ఇవాళ పెట్టడానికి కారణం ఉంది. మార్చి 8న లాంగ్‌ఇయర్‌బ్యెన్‌లో పాత ఆసుపత్రి మెట్ల మీదికి సూర్యుడు తిరిగొచ్చే రోజు, ఊరంతా అక్కడ చేరి పిలుస్తారు రమ్మని. పద్మ గారి బన్ను గుర్తొచ్చింది.

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | ఏప్రిల్ 6

రోడ్డు ఎక్కాను! ఫ్రెండ్‌తో డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ దాకా వెళ్ళొచ్చాం, పక్కనే ఆయిల్ పైప్‌లైన్ గుంజల మీద వంకరటింకరగా వస్తూనే ఉంటుంది, అడ్డంగా లారీలు. కోల్డ్‌ఫుట్ దాటాక రోడ్డు చివరున్న డెడ్‌హార్స్ దాకా బంకు అనేదే లేదు. అక్కడి బోర్డు చదివి నేను చేసింది ఏమీ లేదు, తెలుగులోకి రాసి లెక్కపెట్టా, అంతే:

పెట్రోలు బంకు
రెండొందల నలభై
మైళ్ళ తర్వాత

కవిత్వం_కావాలి | ఏప్రిల్ 6

ఈ దారం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బోర్డు పెట్టినవాళ్ళకి తెలీకుండానే రాశారు.

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | మే 4

నెనానా మంచు కదిలింది! మా ఊరికి గంట దూరంలో తనానా నది మీద ప్రతి చలికాలం ఒక పెద్ద కర్ర బొమ్మ నిలబెడతారు, ట్రైపాడ్ అంటారు గానీ దానికి నాలుగు కాళ్ళు, దానికి కట్టిన తీగ ఒడ్డు మీద గడియారానికి ఉంటుంది. మంచు పగిలి అది కొట్టుకుపోతే గడియారం ఆగుతుంది. ఏ రోజు, ఏ గంట, ఏ నిమిషం అని అలాస్కా అంతా టికెట్లు కొని పందెం కాస్తుంది, 1917 నుంచీ జరుగుతోంది, అప్పట్లో రైలు మార్గం వేస్తున్న ఇంజనీర్లు మొదలెట్టారు.

మంచు కదిలి
గడియారమాగింది
నా లెక్క నిన్న

ఇనువిక్_నర్సమ్మ | జూన్ 9

ఇక్కడ మళ్ళీ ఫెర్రీ మొదలైంది, టమాటా నేల మీదకి దిగింది. కానీ ఇంకోటి లేచింది:

స్వెట్టర్ విప్పానో
ఏడాదంతా ఆకలి
దోమలొచ్చాయి

గడ్డకట్టిన నేల మీద కరిగిన నీళ్ళు ఇంకడానికి దారి లేదు, ఎటు చూసినా మడుగులే, వాటిల్లో పుట్టేవే ఇవన్నీ. నెల్లూరు దోమలు చూసి పెరిగినదాన్ని, ఇవి వేరు బాబు.

పద్మ_ట్రామ్సో | జూన్ 10

రాత్రి పన్నెండు
ఎండ చూపి పాపాయి
పడుకోనంది

మాకు 20 మే సంది సూర్యుడు మునుగుతలేడు. పడుకో బిడ్డా రాత్రైందంటే కిటికీల పరదా గుంజి ఏది రాత్రి చూపెట్టు అన్నది. నా తాన జవాబు లేదు, ఇద్దరం పార్కుకు పోయినం.

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | జూన్ 22

అమ్మ వచ్చింది! మొదటిసారి విమానం ఎక్కి, మూడు ఫ్లైట్లు మారి, ఒక్కత్తే. నిన్న సాయంత్రం ఆవిణ్ణి మిడ్‌నైట్ సన్ బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్ళా, 1906 నుంచి ఏటా ఈ రోజున ఆడతారు, రాత్రి పది దాటాక మొదలై అర్ధరాత్రి దాకా, లైట్లు వెయ్యరు. అమ్మకి ఆట అర్థం కాలేదు గానీ అందరూ కొట్టినప్పుడల్లా చప్పట్లు కొట్టింది.

అసలు సంగతి అంతకు ముందు రోజు జరిగింది. ఆరింటికి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి దేవుడి దగ్గర కూచుంది, బయట ఎండ. ఏడింటికి ఎండ. తొమ్మిదింటికి ఎండ. వత్తి వేసి నూనె పోసి పెట్టుకుని అలాగే చూస్తోంది.

పొద్దు గూకదు
దీపం ఎప్పుడెట్టేది
అడిగిందమ్మ

నేను ఆరింటికే పెట్టెయ్యమ్మా దేవుడేమీ అనుకోడు అన్నా. ఒప్పుకోలేదు. పొద్దు గూకే వేళకే పెట్టాలిరా, అది ఎప్పుడో చూసి చెప్పు అంది. ఫోన్లో చూశా, 12:47. సరే లెమ్మని ఇద్దరం మెలకువగా కూచున్నాం, ఆవకాయ ఎన్ని కాయలు పెట్టిందో, పక్కింటోళ్ళ కొబ్బరి చెట్టు ఎవరి గోడ మీద పడిందో అన్నీ చెప్పింది. 12:47కి సూర్యుడు చెట్ల వెనక్కి దిగాడు, అమ్మ దీపం పెట్టింది.

తెనాలి_మాస్టారు | జూన్ 22

బాబ్జీ, మా ఆవిడ అడగమంటోంది, మరి పొద్దున దీపం ఎన్నింటికి పెట్టారు?

ఫెయిర్‌బ్యాంక్స్_బాబ్జీ | జూన్ 22

2:57కి మాస్టారూ. అమ్మ అలారం పెట్టుకుంది.